డాబా మీంచి వచ్చిన ఫోన్లు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

లాక్‌డౌన్ రోజుల్లో కాలేజీలో ఉన్నవాళ్ల గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాసి, మీ అనుభవాలు పంపమన్నాను. అనుభవాల కన్నా ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. నేను గుంటూరు వైపు ఒక మహిళా డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. 2020, 21లో అక్కడ కౌన్సెలింగ్ బాధ్యత కూడా నాదే. జవాబుల్లో ఆ ఊళ్ల వాసన ఎక్కువుంటే సర్దుకోండి. ఉత్తరాల్లో మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ప్రశ్న: మేడమ్, నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నాను. లాక్‌డౌన్‌లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ప్రాజెక్టు రాయాలి. చదివిన వ్యాసాలన్నీ ఒంటరితనం గురించే చెబుతున్నాయి. మా అక్క అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. రెండు గదుల ఇంట్లో ఆరుగురం ఉన్నాం. తను ఒంటరిగా ఉన్న పూట లేదు. అయినా ఆ ఏడాది మనిషి మారిపోయింది. మీకేం కనిపించింది?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ అక్కను చూసి మీకొచ్చిన అనుమానం సరైనది. ప్రాజెక్టు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అప్పట్లో క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో నా నంబరు పెట్టి, మాట్లాడాలనిపించిన వాళ్లు సాయంత్రం ఆరు తర్వాత చేయండని రాశాను. ఆరింటికి ఒక్క ఫోనూ రాలేదు. రాత్రి పదకొండు దాటాక, ఇంట్లోవాళ్లు పడుకున్నాక, డాబా మీంచి వచ్చేవి. తెల్లవారకముందు గొడ్ల కొట్టం దగ్గర్నుంచి వచ్చేవి. మాచర్ల వైపు అమ్మాయి ఒకతె పొలంలో మోటారు షెడ్డు దగ్గరికి వెళ్లి చేసేది. మోటారు చప్పుడులో నాకు సగం మాటలు అందేవి కావు. ఆ చప్పుడు ఉంటేనే తనకు నోరు పెగిలేది. ఇంకో అమ్మాయి బాత్రూంలో కొళాయి తిప్పి మాట్లాడేది. ‘ట్యాంకు అయిపోతోంది మేడమ్, ఉంటా’ అని పెట్టేసేది.

మనుషులు లేక బాధపడినవాళ్లు నాకు తక్కువ తగిలారు. మనుషుల మధ్య నుంచి పది నిమిషాలు పక్కకు వెళ్లే వీలు లేక నలిగినవాళ్లే ఎక్కువ. ఏ అమెరికాలోనో గదిలో ఇరుక్కుపోయిన మన పిల్లల సంగతి వేరు. మార్చి నాలుగో వారంలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే 7న, అక్కడ చిక్కుకున్నవాళ్లను తెచ్చేందుకు ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా ఇంటికొచ్చే దారి లేదు. వాళ్లది నిజంగా ఒంటరితనమే. మీరు చదివిన వ్యాసాలు అలాంటి గదులను చూసి రాసినవై ఉంటాయి.

మన దగ్గర పిల్లలు పోగొట్టుకున్నది హాస్టల్. దాన్ని పాఠాలకు పక్కన ఉండే వసతిగా చూస్తాం గానీ, పల్లె నుంచి వచ్చిన అమ్మాయికి తనకంటూ ఒక బతుకు ఉన్నది అక్కడే. ఖోఖో టీమ్‌లో ఆడుతుంది. మెస్ కమిటీలో సాంబారు గురించి పోట్లాడుతుంది. ఒక మంచం, తాళం ఉన్న ఒక పెట్టె ఆమెవి. 2020 మార్చి 19న ఆంధ్రాలో కాలేజీలు మూశారు. పది రోజుల సెలవులనుకుని రెండు జతల బట్టలతో ఇళ్లకు పోయారు. 24 రాత్రి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. అది పొడిగిస్తూ పొడిగిస్తూ పోయింది, ఇక్కడ కాలేజీలు మళ్లీ తెరిచేసరికి నవంబరు 2. పుస్తకాలు, సర్టిఫికెట్లు, కొందరి లాప్‌టాప్‌లు హాస్టల్ గదుల్లోనే ఉండిపోయాయి. ఆ ఏడు నెలల్లో ఆ అమ్మాయి మళ్లీ ఫలానావారి పెద్దపిల్ల అయింది. గిన్నెలు, బావి నీళ్లు, నాయనమ్మకు మందులు. ‘ఊరికే ఇంట్లోనే ఉన్నావు కదా’ అనే మాట నాకు ఎంతమంది చెప్పి ఏడ్చారో! ఆన్‌లైన్ క్లాసు జరుగుతుండగా పప్పు రుబ్బమంటారు. క్లాసు అంటే వాళ్ల లెక్కలో ఫోను చూడటమే.

హైదరాబాద్ హాస్టళ్ల పిల్లల కథ పేపర్లలో వచ్చింది. మార్చి 25న అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు హాస్టళ్లు ఖాళీ చేయమంటే, పోలీసుల దగ్గర పాసులు తీసుకుని బయల్దేరి, జగ్గయ్యపేట దగ్గర, ఆంధ్రా సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. వాళ్లలో మా పాత విద్యార్థిని ఒకతె ఉంది. అక్కడ భయం వేయలేదట. చుట్టూ తనలాంటి వాళ్లే, ఎవరో బిస్కెట్లు పంచారు, ఎవరో పాటలు పాడారు. ఇంటికి చేరి, ఇక ఎప్పుడు బయటికి వెళ్తానో అనుకున్నాక గుండె దడ మొదలైందట.

పెళ్లిళ్ల సంగతి కూడా మీ ప్రాజెక్టులో ఉండాలి. అతిథులు 50 మందికి మించకూడదన్న నిబంధన కొందరు తండ్రులకు కలిసొచ్చింది. ఖర్చు తక్కువలో ముహూర్తాలు పెట్టేశారు. కాలేజీ తెరిచాక మెడలో తాళితో వచ్చినవాళ్లున్నారు. అసలు రానివాళ్లూ ఉన్నారు.

మగపిల్లల్లో నాకు వేరేది కనిపించింది. ఆ వేసవిలో బీటెక్, ఎంబీఏ కుర్రాళ్లు ఉపాధి హామీ పనికి పోతున్నారని పత్రికలు జాలిగా రాశాయి. నాతో మాట్లాడిన మా అమ్మాయిల అన్నదమ్ముల్లో, స్నేహితుల్లో పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని చెరువు పనికి పోయినవాడు రాత్రి నిద్రపోయాడు. తొమ్మిదింటి ఎండ ఒంటికి తగిలింది, చేతికి కూలి వచ్చింది. ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్నవాడికి పిచ్చి ఆలోచనలు వచ్చాయి. కూలికి పోవడం మందు అని నేననను. కానీ వాళ్లను జాలిపడాల్సినవాళ్ల జాబితాలో మొదట పెట్టడం నాకు నచ్చలేదు.

ఫైనలియర్ వాళ్లకు మరో నరకం. ఏప్రిల్ 29న యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పరీక్షలు జులైలో అంది. జులై 6న సెప్టెంబరు చివరికల్లా అంది. కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. ఆగస్టు 28న సుప్రీంకోర్టు పరీక్షలు లేకుండా డిగ్రీ ఇవ్వడం కుదరదని తేల్చింది. పరీక్ష కష్టమైతే చదువుతారు, రద్దయితే మానేస్తారు. ఉందో లేదో తెలియకుండా అవే యూనిట్లు నెలల తరబడి తిరగేస్తే ఎవరికైనా తల తిరుగుతుంది.

అంకెలు కావాలంటే ఇవి రాసుకోండి: జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం దేశంలో ఆత్మహత్యతో పోయిన విద్యార్థులు 2019లో 10,335 మంది, 2020లో 12,526, 2021లో 13,089. పెరిగిందన్నది నిజం. అదంతా లాక్‌డౌన్ వల్లేనని మాత్రం ఆ అంకెలు చెప్పవు, మీరూ రాయకండి.

అక్కను ఇంటర్వ్యూ చేయండి. ‘ఒంటరిగా అనిపించిందా’ అని అడగొద్దు. ఫ్రెండ్‌తో మాట్లాడాలంటే ఎక్కడికి వెళ్లేదానివి అని అడగండి.

ప్రశ్న: ఆన్‌లైన్ క్లాసుల్లో కెమెరాలన్నీ ఆఫ్ చేసుకునేవారు. నల్ల గళ్లకు రెండేళ్లు పాఠం చెప్పాను. అది బద్ధకం కాదంటారా?
– ఒక లెక్చరర్, తెనాలి

జవాబు: కొందరిది బద్ధకమేనండీ, మీరు పాఠం చెబుతుంటే పబ్జీ ఆడిన మహానుభావులు నాకూ తెలుసు (2020 సెప్టెంబరులో అది నిషేధించాక ఇంకోటి ఆడారు). కానీ మా అమ్మాయిల్లో కెమెరా ఎందుకు ఆన్ చేయరని అడిగితే వచ్చిన జవాబులు వేరు: వెనక నాన్న లుంగీతో తిరుగుతుంటాడు, గోడకు పెచ్చులూడాయి, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ముగ్గురం పంచుకోవాలి. మీరు క్లాసులో ఉన్నప్పుడు వాళ్ల ఇల్లు మీకు కనపడేది కాదు. పైగా రోజంతా తన ముఖం తనకే తెరమీద కనపడుతుంటే పద్దెనిమిదేళ్ల పిల్లకు పాఠం ఎక్కడ ఎక్కుతుంది, మొటిమలే కనిపిస్తాయి. మీకు పడిన కష్టం కూడా చిన్నదేం కాదు. ఎదుటి ముఖం చూడకుండా జోకు వేసి, ఎవరైనా నవ్వారో లేదో తెలియకుండా ముందుకు పోవడం నాకు చేతకాలేదు, జోకులు మానేశాను.

ప్రశ్న: నాది తెలంగాణ ‘కరోనా బ్యాచ్’. ఇంటర్ ఫస్టియర్‌లో మూడు సబ్జెక్టులు పోతే ప్రభుత్వం 35 మార్కులు వేసి పాస్ చేసింది. ఇప్పుడు బీకామ్ అయింది. మొన్న ఇంటర్వ్యూలో ఒకాయన మెమో చూసి ‘ఓహో, ఆ బ్యాచా’ అని నవ్వాడు. నాకు నిజంగా ఏమీ రాదేమోనని భయం. ఏ ఫామ్ నింపాలన్నా చేతులు వణుకుతున్నాయి.
– ఒక అబ్బాయి, నల్గొండ

జవాబు: బాబూ, ముందు నీ కథ నీకే వరసగా చెప్తాను. నువ్వు కాలేజీలో చేరిన ఏడాది పాఠాలు టీవీలో, ఫోనులో. 2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. బెంచీ మీద కూర్చున్నది రెండు నెలలు కూడా కాదు. పరీక్ష వాయిదా వేసి సెకండియర్‌లోకి పంపారు. సెకండియర్ పాఠాలు నడుస్తుండగా అక్టోబరు 25 నుంచి ఫస్టియర్ పరీక్ష పెట్టారు. నాలుగున్నర లక్షల మందికి పైగా రాస్తే డిసెంబరు 16న వచ్చిన ఫలితాల్లో పాసైంది 49 శాతం. గొడవలయ్యాక, వారం తిరగ్గానే అందరికీ 35 వేసి పాస్ అన్నారు.

సగానికి పైగా పిల్లలు ఒకేసారి తప్పితే ఆ పరీక్ష కొలిచింది పిల్లలను కాదని నీకు ఎవరూ చెప్పలేదా? నా దృష్టిలో ఆ 35 వల్ల మీకు జరిగిన మేలు, కీడు రెండూ ఉన్నాయి. ఏడాది పోలేదు, అది మేలు. కానీ నీకు ఎంత వచ్చో నీకు తెలిసే అవకాశం పోయింది. ఫెయిలైనవాడికి సప్లీ రాసి పాసైనప్పుడు ఒక ధైర్యం వస్తుంది. అది మీకు దక్కనివ్వలేదు. నీ వణుకు అక్కడిదే అనుకుంటున్నాను.

అందుకని నువ్వు నమ్మే మార్కు ఒకటి తెచ్చుకో. బీకామ్ అన్నావు కదా, ఇంటర్ ఫస్టియర్ అకౌంట్స్ పుస్తకం మళ్లీ తెరువు. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్. వారానికి ఒక అధ్యాయం, పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయి. తెలిసిన లెక్చరర్ ఎవరినైనా దిద్దమను. ఖాళీ ఉంటే కనపడుతుంది, పూడ్చుకోవచ్చు. చాలావరకు డిగ్రీలో నీకు తెలియకుండానే పూడిపోయి ఉంటుంది.

ఇంటర్వ్యూలో మళ్లీ ఎవరైనా అడిగితే కథ మొత్తం చెప్పొద్దు. ‘అవునండీ, ఆ ఏడాది రెండు నెలలే క్లాసులు జరిగాయి. డిగ్రీలో అకౌంట్స్‌లో నా మార్కులివి’ అని మెమో చూపించు. ఆయన నవ్వుకు నీ దగ్గర జవాబు అక్కర్లేదు.

చేతుల వణుకు ఫామ్ నింపేటప్పుడే కాకుండా మామూలప్పుడు కూడా ఉంటే డాక్టరుకు ఒకసారి చూపించుకో. థైరాయిడ్ వంటివి కూడా అలా చేస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. లాక్‌డౌన్‌లో బీటెక్ ఆన్‌లైన్‌లో చదివాడు. అప్పుడు మొదలైంది, రాత్రి మూడింటిదాకా మెలకువ, పగలు పన్నెండింటిదాకా నిద్ర. ఇప్పుడు పోటీ పరీక్షలకు ఇంట్లోనే చదువుతున్నాడు, పద్ధతి మారలేదు. మా అత్తగారు దిష్టి తీయించమంటున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: దిష్టి తీయించండమ్మా, నష్టం లేదు, కాకపోతే పొద్దున ఏడింటికి తీయించండి.

సరదాకి అన్లేదు. ఒంట్లో గడియారాన్ని సర్దేది పొద్దుటి వెలుగు. కుర్రతనంలో ఆ గడియారం ఎలాగూ కాస్త ఆలస్యంగానే నడుస్తుంది. దానికి తోడు అర్ధరాత్రి దాకా ఫోను వెలుగు, పొద్దున కర్టెన్లు వేసిన గది ఉంటే అది ఇంకా వెనక్కి జరుగుతుంది. తొందరగా పడుకో అని పోరితే నిద్ర రాదు. లేచే టైం ఒక్కటి పట్టుకోమనండి. ఇప్పుడు పన్నెండైతే పదకొండున్నర, రెండు మూడు రోజులకు పదకొండు, అలా వెనక్కి తేవాలి. లేవగానే అరగంట డాబా మీదో వీధిలోనో ఉండాలి. పగలు కునుకు, సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానాలి. ఆదివారం కూడా అదే టైం.

ఇంకో మాట, ఇది మీకు. ఆ రోజుల్లో మీ ఇంట్లో అందరూ ఉన్నారు కదా, వాడికి ఎవరూ పిలవని సమయం ఎప్పుడు దొరికేది? చాలామంది కుర్రాళ్లకు రాత్రే సొంత గది అయింది. నెట్ కూడా అప్పుడే బాగా వచ్చేది. ఇప్పటికీ వాడికి పగలు రెండు గంటలు ఎవరూ తలుపు కొట్టకుండా ఉండే వీలుందా? సిలిండర్ వచ్చిందనీ, నాన్న పిలుస్తున్నారనీ పిలవకుండా? అది ఇవ్వకుండా రాత్రిని వదలమంటే వదలడు.

నిద్ర ఒక్కటే తేడా అయితే ఇది చాలు. తిండి మీద ఆసక్తి పోవడం, స్నానం మానేయడం, ఇష్టమైన క్రికెట్ కూడా పట్టకపోవడం, ‘నేనెందుకు’ అనే మాటలు రెండు వారాలకు మించి కనిపిస్తే మాత్రం టైం టేబుల్ పక్కన పెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలన్న మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే.

ప్రశ్న: 2021 మేలో మా నాన్న కరోనాతో పోయారు. నేను బీఎస్సీ రెండో ఏడాది, నాకూ పాజిటివే, ఇంట్లో వేరే గదిలో ఉన్నాను. ముఖం చూడలేదు. తమ్ముడు ఒక్కడే పీపీఈ కిట్ వేసుకుని శ్మశానానికి వెళ్లాడు. నెల తిరక్కుండా ఆన్‌లైన్ ఇంటర్నల్స్ రాశాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను, బాగానే ఉంటాను. ప్రతి మే నెలలో మాత్రం వారం పది రోజులు అన్నం సహించదు, ఎవరితో మాట్లాడలేను. ఇన్నేళ్లయినా ఇంకానా అంటారు. నాకేమైనా జబ్బా?
– ఒక ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: కాదు తల్లీ. సంవత్సరమంతా పని చేసుకుంటూ, ఆ నెలలో కుంగడం దుఃఖం తేదీలు గుర్తుపెట్టుకోవడమే. ఎండ, మామిడిపళ్లు, అంబులెన్సు కూత, ఏదైనా దాన్ని లేపుతుంది. ఏడాది పొడవునా, రోజూ, ఆయన కోసం తపన తప్ప ఇంకేమీ చేయలేని స్థితి ఉంటే దానికి ‘దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత’ అనే పేరు 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఉంది. చికిత్సా ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీది అది కాదనిపిస్తోంది.

ఆ మేలో ఆంధ్రాలో రోజుకు 20 వేలకు పైగా కేసులు. శవం దగ్గర నలుగురు చేరి ఏడవడం, పదకొండో రోజు బంధువులు రావడం, ఆయన గురించి మంచీ చెడూ చెప్పుకుని మధ్యలో నవ్వడం, ఏదీ జరగలేదు. పరీక్ష రాశారు. మీరు ఏడవాల్సిన చోట ఎవరూ మిమ్మల్ని ఏడవనివ్వలేదు.

మీ తమ్ముడిని అడిగారా, ఆ రోజు ఏం చూశాడో? నాకు తెలిసిన ఇలాంటి ఇళ్లల్లో చూడనివాళ్లు చూడలేదని కుమిలిపోతుంటే, చూసిన ఒక్కడు చూసింది ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాడు. అక్క తట్టుకోలేదని వాడు, తమ్ముడు చిన్నవాడని మీరు. వచ్చే మేలో కాదు, ఇప్పుడే ఒక సాయంత్రం ఇద్దరూ బీచ్ రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుకోండి. ఎదురెదురుగా కూర్చుంటే మాట రాదు. వాడు చెప్పనంటే బలవంతపెట్టొద్దు. అడిగారని వాడికి తెలిస్తే చాలు, ఇంకోసారి చెప్తాడు.

ఆబ్దికం పెడుతుంటే ఆ రోజు ఆయన స్నేహితులను, మీ స్నేహితులను భోజనానికి పిలవండి. ఆ మే వారానికి ఆఫీసులో ముందే రెండు రోజులు సెలవు పెట్టుకోండి. ఎందుకని అడిగితే ‘నాన్నగారి తిథి’ అనండి, మన దగ్గర ఆ మాటకు ఎవరూ మారు ప్రశ్న వేయరు.

ప్రశ్న: 2021లో బీటెక్ సెకండియర్‌లో ఉండగా ఊపిరాడనట్టు, గుండె ఆగిపోతున్నట్టు అనిపించేది. కరోనా అనుకుని ఆక్సీమీటర్ వేలికి పెట్టుకునే పడుకునేవాణ్ని. 98 చూపించేది, ఐదు నిమిషాలకు మళ్లీ పెట్టేవాణ్ని. ఈసీజీ నార్మల్. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఆల్ప్రజోలమ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చారు, తగ్గింది. నాలుగేళ్లుగా రాత్రికి ఒకటి వేసుకుంటున్నా. మానితే మళ్లీ వస్తోంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఇంకా పెద్ద మందులు అలవాటు చేస్తారని భయం.
– ఒక యువకుడు, కర్నూలు

జవాబు: మీకు అలవాటు పడే మందు ఇప్పటికే ఇచ్చేశారు నాయనా. మీరు భయపడుతున్నది అలవాటు చేయని మందులకు.

మీరు చెప్పినవి పానిక్, అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, లక్షణాలు. భయంతో ఊపిరి గబగబా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, గాలి చాలనట్టు ఉంటుంది. గాలి చాలట్లేదని ఇంకా గట్టిగా పీలుస్తారు. ఆక్సిజన్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది, అందుకే 98. సాధారణంగా పది నిమిషాల్లో అది తారస్థాయికి చేరి దానంతటదే దిగుతుంది. కానీ ఐదు నిమిషాలకోసారి మీటర్ చూస్తే, అది చూసినందువల్లే బతికానని మనసు నేర్చుకుంటుంది. ఆ మీటర్ ఇంకా దగ్గరుంటే ఎవరికైనా ఇచ్చేయండి.

ఆల్ప్రజోలమ్ ఆ పూటకు తగ్గిస్తుంది. నెలల తరబడి రోజూ వేస్తే ఒళ్లు దాన్ని అడుగుతుంది. హఠాత్తుగా మానితే దడ, నిద్రలేమి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఈ ఉత్తరం చదివి రేపే ఆపేయకండి. డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా, వారాల మీద తగ్గిస్తారు. దాని బదులు ఆందోళనకు, దిగులుకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం కాస్త చిరాకు పెట్టొచ్చు. వాటిని కూడా సొంతంగా ఆపకూడదు గానీ, ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపించే రకం కాదు. మందుతో పాటు, భయపెట్టే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ ఉంటుంది, పానిక్‌కు అది బాగా పనిచేస్తుంది.

డబ్బు ఇబ్బంది ఉంటే కర్నూలు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మామూలు ఓపీ చీటీతోనే చూస్తారు. ముందు ఫోనులో మాట్లాడి చూద్దామనుకుంటే 14416 చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట జేబులో వేసుకెళ్లండి. ఎన్ని మిల్లీగ్రాములదో డాక్టరు దాని మీదే చూసుకుంటారు.